రెండు 8×4 ప్లైవుడ్ షీట్లతో ఇద్దరు పట్టే దోనె: కొలతలు, రెసిన్, కుట్టు, ఎక్కడ తేడా వస్తుంది

కొత్తతెడ్డు

అందరికీ నమస్కారం. పంట కాలవలో, ఊరి చెరువులో ఇద్దరు కూర్చుని తెడ్డేసుకునే చిన్న దోనె ఇంటి దగ్గరే కట్టాలని ఉంది. ఇంజను పెట్టేది లేదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని కారు మీదకి ఎత్తగలిగే బరువుంటే చాలు. ఉన్న పనిముట్లు జిగ్‌సా, డ్రిల్లు, చిత్రిక, సాండరు. షెడ్డు పొడవు 18 అడుగులు.

తేలనివి మూడు. ప్లైవుడ్ 4 ఎంఎం తీసుకోవాలా, 6 ఎంఎమా? 8 అడుగుల షీటుతో 15 అడుగుల పడవ ఎలా వస్తుంది, అతుకు ఎక్కడ పడుతుంది? ఫైబర్ సామాన్ల షాపులో పాలిస్టర్ రెసిన్ చాలు, ఎపాక్సీ దండగ అంటున్నారు. నిజమేనా?

లంకగాలి

రెండు షీట్లలో 4.7 మీటర్ల దోనె హాయిగా వస్తుందండీ. రెండు కొసలూ ఒకేలా ఉండే చదును అడుగు రకం తీసుకోండి. అడుగు పలక ఒకటి, పక్క పలకలు రెండు, అంతే. పలకల అంచులు రాగి తీగతో కుట్టి, లోపలి మూలలో ఎపాక్సీ ముద్ద పట్టించి, పైన గాజుగుడ్డ (ఫైబర్‌గ్లాస్ నేత) పట్టీ వేస్తాం. పక్కటెముకలు అక్కర్లేదు.

రెండు షీట్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపులు బిగించి ఒకేసారి కోయండి. ఒక్కో షీటులో సగం దోనె ఉంటుంది. ఒక పొట్టి అంచుని నడుము అనుకోండి. షీటు మధ్యలో పొడుగ్గా ఒక గీత కొట్టి, నడుము నుంచి ప్రతి 45 సెం.మీ.కీ అడ్డగీతలు గీయండి.

అడుగు పలక, మధ్య గీత నుంచి చెరో వైపు: నడుము దగ్గర 300 మి.మీ., అక్కణ్ణించి వరసగా 288, 252, 192, 108, చివరికి 225 సెం.మీ. దగ్గర సున్నా.

పక్క పలకకి షీటు పొడుగు అంచే పై అంచు. ఆ అంచు నుంచి లోపలికి కొలవాలి: నడుము దగ్గర 290, తర్వాత 292, 299, 309, 324, కొస దగ్గర అంటే 228 సెం.మీ. గీత మీద 345. పై అంచు 240 సెం.మీ. దాకా పోతుంది. పైన 240 దగ్గరి చుక్కనీ, కింద 228 దగ్గరి చుక్కనీ కలిపిన ఏటవాలు గీతే కొస.

చుక్కల దగ్గర సన్న మేకులు దిగ్గొట్టి, ముడులు లేని 10 మి.మీ. టేకు బీడింగుని వాటికి ఆనించి వంచి గీయండి. బీడింగు ఒక మేకుని తాకకుండా పోతోందంటే ఆ చుక్క తప్పు కొలిచారన్నమాట, మళ్లీ కొలవండి. బీడింగుని బలవంతంగా నొక్కి కలపొద్దు. గీత మీద కోయకండి, గీతకి 2 మి.మీ. బయట కోసి, రెండు షీట్లూ బిగించి ఉండగానే చిత్రికతో గీత దాకా తెండి.

పక్క పలక నడుము దగ్గర సన్నగా, కొసల దగ్గర వెడల్పుగా ఎందుకంటే, తిన్నటి పలకని బయటికి వాల్చి వంచితే రెండు కొసలూ వాటంతటవే పైకి లేస్తాయి. ఈ దోనెకి వాలు 20 డిగ్రీలు. కింది అంచు తిన్నగా వదిలేస్తే అడుగు కొసల దగ్గర సుమారు 11 సెం.మీ. లేస్తుంది. అంత లేస్తే తెడ్డేసిన ప్రతిసారీ ముక్కు పక్కకి తిరుగుతుంది. 55 మి.మీ. వంపు కోయడం వల్ల ఆ లేవడం 5 సెం.మీ. దగ్గర ఆగుతుంది.

మానేరు గట్టు

కొలతలు మంచిగున్నయన్నా. మందం సంగతి నేను చెప్త.

గర్జన్ చెక్క పై పొరగ ఉన్న మెరైన్ ప్లై 6 ఎంఎం షీటు ఒక్కోటి 12 కిలోల పైనే ఉంటది, 4 ఎంఎం అయితే 8 కిలోల దాకా. 6 ఎంఎంతో కడితే రెసిన్, అంచు పట్టీలు, బల్లలు కలుపుకొని దోనె 30 కిలోలు దాటుతది. 4 ఎంఎంతో 22-24లో అయిపోతది. కానీ 4 ఎంఎంల మూడే పొరలుంటయి, మోకాలు ఆనిస్తే అడుగు ఊగుతది, రాయి తగిలితే పగులుతది. చెరువుల ఎండిన తుమ్మ మోడులు, కాలవల రాళ్లు ఉంటయి కాబట్టి అడుగుకి 6, పక్కలకి 4 వేసుకోవడం అన్నిటికన్నా మంచిది. షీట్లు మాత్రం రెండు రకాలు రెండేసి కొనాల్సి వస్తది, సగం సగం మిగులుతది. మిగిలింది ఇంకో దోనెకి పనికొస్తది. ఒక్క దోనెతో సరి అనుకుంటే మొత్తం 6 ఎంఎంతో పోండి.

షాపుల 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట నమ్మొద్దు. షీటు మీద ఐఎస్ఐ గుర్తుకి పైన ఐఎస్ 710 అని ఉండాలె. ఐఎస్ 303 అంటే మామూలు వాడకపు ప్లై, అందుల బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి కొంత ఆగే) రకం కిచెన్ అల్మారాలకి సరే, దోనెకి కాదు. షీటు నాలుగు అంచులూ చూడండి, లోపలి పొరల మధ్య సందు కనిపిస్తే పక్కన పెట్టుండ్రి. వేలి కణుపుతో షీటంతా కొట్టుకుంటూ పోండి, ఒక చోట డొల్ల శబ్దం వస్తే అక్కడ లోపల పొర లేదన్నట్టే. ఆ డొల్ల వంపుల పడితే అక్కడే విరుగుతది.

నమూనా ముక్క అడిగి తెచ్చుకోని పాత గిన్నెల మరిగించి చూడుండ్రి. ఐఎస్ 710కి పరీక్షే 72 గంటలు మరిగించుడు. ఇంట్ల అంత కుదరకున్నా ఒక దినం మరిగిస్తే నాసిరకం జిగురు బయటపడ్తది, పొరలు వేళ్లతోనే ఊడొస్తయి.

ఫైబర్ షెడ్డు

రెసిన్ ప్రశ్నకి జవాబు. పాలిస్టర్ వద్దండీ.

పాలిస్టర్ రెసిన్ ఫైబర్ మీద ఫైబర్‌కి బాగా అంటుతుంది, చెక్క మీద పైపైన అంటుతుంది. గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది కూడా. ప్లైవుడ్ తేమకి ఉబ్బి, ఎండకి ముడుచుకుంటూ ఉంటే రెండు మూడు వానాకాలాలకి పట్టీ అంచు లేస్తుంది, కిందకి నీళ్లు దిగుతాయి, ఆ తర్వాత చెక్క కుళ్లేది బయటికి కనపడదు.

మన దగ్గర తేలిగ్గా దొరికే ఎపాక్సీలు రెండు: ఎల్‌వై 556 రెసిన్‌కి హెచ్‌వై 951 హార్డెనరు, లాపాక్స్ ఎల్-12కి కె-6 హార్డెనరు. రెండిటికీ పాళ్లు బరువులో 100కి 10. కొలతగిన్నెతో కాదు, 0.1 గ్రాము చూపించే డిజిటల్ తూకం మీద. 100 గ్రాముల రెసిన్‌కి 10 గ్రాముల హార్డెనరు అంటే, అందులో 2 గ్రాములు తేడా వచ్చినా 20 శాతం తప్పు. హార్డెనరు ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందని అనుకుంటారు, పాలిస్టర్‌లో కెటలిస్టు (గట్టిపడడాన్ని త్వరపెట్టే మందు) అలవాటు అది. ఎపాక్సీలో హార్డెనరు కూడా గట్టిపడే పదార్థంలో భాగమే, ఎక్కువైతే అది కలవకుండా మిగిలి ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

ఈ దోనెకి రెసిన్ 6 కిలోలు, హార్డెనరు 600 గ్రాములు పెట్టుకోండి. మూలల ముద్దకి ముప్పావు కిలో, పట్టీలకి అర కిలో, అడుగు గాజుగుడ్డకి కిలోన్నర, లోపలా బయటా మూడు పూతలకి రెండున్నర కిలోలు, మిగిలింది అతుకులకి. గాజుగుడ్డ 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) నేత రకం 5 మీటర్లు, అందులోంచే 75 మి.మీ. పట్టీలు కూడా కోసుకోవచ్చు. పట్టీలని నేతకి ఏటవాలుగా కోస్తే పోగులు ఊడవు, వంపుల్లో మడతలు పడవు.

సీఎస్‌ఎం అనే గాజు చాప మాత్రం కొనకండి. అందులో పోగుల్ని పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి బంక కరగదు, చాప బిరుసుగా ఉండి మూల మీద కూర్చోదు.

చేతి తొడుగులు లేకుండా హార్డెనరు ముట్టుకోవద్దు. ఒకసారి చర్మానికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి, అది పోదు. చేతికంటితే సబ్బుతో కడగండి. థిన్నరుతో తుడిస్తే దాన్ని చర్మం లోపలికి మీరే పంపినట్టు.

పాతరేవు

ఫైబర్ షెడ్డు గారూ, ఒక మాట. ఈ తీగ కుట్టు పద్ధతిని లోకానికి తెలిపిన మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ 1963లో వచ్చింది. దానికి వాడింది పాలిస్టరూ, గాజు పట్టీలే కదా? వాటిలో కొన్ని ఇంకా తేలుతున్నాయి.

ఫైబర్ షెడ్డు

నిజమే పాతరేవు గారూ. కానీ అవి ఏడాదిలో ఎక్కువ కాలం కప్పు కింద ఉండే పడవలు. పాత మిర్రర్ల మరమ్మతుల్లో తరచూ చేసే పని కూడా లేచిన పట్టీలు పీకి ఎపాక్సీతో మళ్లీ వేయడమే. మన పడవలు వేసవిలో ఎండకి ఎండి, వర్షాకాలమంతా నానతాయి. ఆ ఊగిసలాటకి ఎపాక్సీయే నిలబడుతుంది.

ప్లైవుడ్ నీళ్లకి ఆగదనే వాళ్లకి మరో ఉదాహరణ: కేరళ, తమిళనాడు దక్షిణ కొసన జాలర్లు 1980ల నుంచి ప్లైవుడ్ పడవలతో ఏకంగా సముద్రంలోకే వెళ్తున్నారు, అలల్లోంచి ఒడ్డుకి దూకిస్తున్నారు. ప్లైవుడ్‌ది కాదు లోపం, అంచులు మూయకపోవడంలో ఉంటుంది.

కొత్తతెడ్డు

చాలా స్పష్టంగా చెప్పారు, 6 ఎంఎంకే వెళ్తాను. మరి నడుము దగ్గర అతుకు ఎలా వేయాలి? పట్టీ వేసి అతికించడమా, ఏటవాలుగా చెక్కి కలపడమా?

బాడిస

అడుగుకి పట్టీ అతుకు, పక్కలకి ఏటవాలు అతుకు. అందరూ అన్నిటికీ ఒకటే వేస్తారు, నా లెక్కలో అది తప్పు.

అడుగు నడుము దగ్గర దాదాపు చదును. అక్కడ లోపలి వైపు అదే 6 ఎంఎం ప్లై ముక్క 150 మి.మీ. వెడల్పున వేసి అతికిస్తే చాలు. మూలల ముద్దకి చోటు కావాలి కాబట్టి ఆ ముక్క రెండు కొసలూ అంచుకి 25 మి.మీ. ముందే ఆగాలి.

పక్క పలకలు నడుము దగ్గరే బాగా వంగుతాయి. అక్కడ పట్టీ వేస్తే ఆ 150 మి.మీ. మేర మందం రెట్టింపై వంగనని మొరాయిస్తుంది, పట్టీకి రెండు పక్కలా పలక మడత పడ్డట్టు కనిపిస్తుంది. బయట నుంచి చూస్తే దోనె నడుము చదునుగా, విరిగినట్టుంటుంది. ఏటవాలు అతుకైతే మందం మారదు కాబట్టి వంపు సాఫీగా పోతుంది.

ఏటవాలు 1కి 8. అంటే 6 ఎంఎంకి 48 మి.మీ. రెండు పలకల కొసల్నీ బల్ల అంచున మెట్లలాగా పేర్చండి: పై పలక కొస కింది దానికన్నా 48 మి.మీ. వెనక్కి. మేకులు తగలకుండా బిగించి, రెండిటినీ కలిపి చిత్రికతో ఒకే వాలుగా పట్టండి. ప్లైవుడ్ పొరలే మీకు కొలబద్ద. చెక్కుతున్నకొద్దీ పొరల జిగురు గీతలు నల్లటి చారలుగా బయటపడతాయి. చారలు తిన్నగా, సమాన దూరంలో ఉంటే వాలు సరిగ్గా ఉంది. చార వంకర పోయిందంటే ఆ పక్క ఎక్కువ చెక్కారు, ఇంకో పక్క చెక్కి సమం చేయండి. చివర అంచు ఈక సన్నగా రావాలి.

48 మి.మీ. అతుకులో పోతుంది కాబట్టి పక్క పలకల కొలతల్లో నడుము గీతని షీటు అంచుకి 24 మి.మీ. లోపల గీసుకోండి. అప్పుడు కూడా 2416 మి.మీ. ఉంటుంది, కావల్సింది 2400. సరిపోతుంది.

అతికే ముందు రెండు చెక్కిన ముఖాలకీ ఏమీ కలపని ఎపాక్సీ ఒక పూత వేసి పది నిమిషాలు ఆగండి. ఏటవాలు కోత అంతా పోగుల కొసలే, స్పాంజిలా తాగేస్తుంది. నేరుగా జిగురు పెట్టేస్తే చెక్క రెసిన్‌ని పీల్చుకుని అతుకు మధ్యలో పొడి మిగులుతుంది. అలాంటి అతుకు కుట్టేటప్పుడు టప్పున విడిపోతుంది. పూత తర్వాత చెక్కపొడి కలిపిన ఎపాక్సీ దోసెల పిండి చిక్కదనంలో పట్టించి, కిందా పైనా పాలిథీన్ కాగితం వేసి, పైన చదునైన బల్లముక్క, దాని మీద ఇటుకలు. మరీ గట్టిగా బిగించొద్దు, జిగురంతా బయటికి పోతుంది.

లంకగాలి

బాడిస గారు చెప్పినదానికి ఒక్క జోడింపు. అతికే రోజు పలకలు పక్కకి జారకుండా రెండు కొసల్లో చిన్న మేకు చెరొకటి కొట్టండి. ఆ తర్వాత పొడుగునా దారం లాగి చూడండి, పై అంచు దారాన్ని అంటి ఉండాలి. అతుకు 2 మి.మీ. వంకర పోయినా కొసల దగ్గర అది బాగా పెరుగుతుంది, ఒక పక్క అంచు ఇంకో పక్కకన్నా ఎత్తుగా నిలబడుతుంది.

కొత్తతెడ్డు

కుట్టడానికి సెంట్రింగు పనిలో వాడే బైండింగ్ వైరు సరిపోతుందా? ప్లాస్టిక్ టై పట్టీలు కూడా చూశాను.

మానేరు గట్టు

బైండింగ్ వైరు వద్దు. తుప్పు పడ్తది, ముక్క లోపల ఇరుక్కుంటే రెసిన్ కిందనే తుప్పు ఉబ్బి పట్టీని లేపుతది. 1.2 ఎంఎం రాగి తీగ తెచ్చుకోండి, పాత మోటారు వైండింగుది అయినా సరే. ప్లాస్టిక్ టైలు కూడా పని చేస్తయి గానీ మెలిపెట్టి కొంచెం కొంచెం బిగించే వీలు తీగతోనే ఉంటది.

రంధ్రాలు 2 ఎంఎం, అంచుకి 10 ఎంఎం లోపల, 12 సెం.మీ.కి ఒకటి, కొసల దగ్గర 6 సెం.మీ.కి ఒకటి. అడుగు పలకకీ పక్క పలకకీ రంధ్రాలు ఎదురెదురుగ రావాలె కాబట్టి రెండూ నడుము నుంచే కొలుచుకుంట పోండి. తీగ ముక్కలు 12 సెం.మీ. పొడవు. మెలిక బయటి వైపే ఉండాలె.

ముందుగ పక్క పలకల కొసలు రెండూ కుట్టుండ్రి. తర్వాత నడుము దగ్గర వాటి మధ్యల అడ్డచట్రం పెట్టాలె: కింద 600, పైన 800 ఎంఎం, ఎత్తు 27 సెం.మీ. దాన్ని బోర్లించి మీద అడుగు పలక పెట్టి, నడుము నుంచి కొసలకి కుట్టుకుంట పోవాలె. మొదటిసారి వదులుగనే కుట్టుండ్రి. అన్నీ పడ్డాక రెండోసారి తిరిగి బిగించుండ్రి. మొదటి తీగనే గట్టిగ బిగిస్తే తర్వాతివి కలవవు, రంధ్రం కాడ ప్లై చిరుగుతది.

బాడిస

ఇక్కడ ఒక రోజు ఆగండి. కుట్టిన దోనె ఇంకా గుడ్డసంచిలాంటిది, ఎటు మెలిపెడితే అటు తిరుగుతుంది. ఈ దశలో ఉన్న మెలికే ముద్ద గట్టిపడ్డాక శాశ్వతం. మెలిపడ్డ దోనెని ఎంత తిన్నగా నడిపినా ఒక పక్కకే పోతుంది, దానికి తర్వాత మందు లేదు.

చూసే తీరు: దోనెని తిప్పి సరిగా పెట్టి, కొసలకి అర మీటరు ఇవతల రెండు తిన్నటి రీపర్లని పై అంచుల మీద అడ్డంగా పెట్టండి. ఒక కొస వెనక కూర్చుని ఒంటికన్నుతో చూస్తే ముందు రీపరు అంచు వెనక రీపరు అంచుతో సమానంగా కనిపించాలి. ఒక పక్క ఎక్కువ కనిపిస్తే మెలిక ఉన్నట్టే. కళ్లని నమ్మకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం పెట్టండి, నాలుగు చోట్లా మట్టం 3 మి.మీ. లోపు ఉండాలి. ఎత్తుగా ఉన్న మూల మీద ఇటుక పెట్టి, ఎదురు మూల కింద చెక్కముక్క దూర్చి సరిచేయండి. కొస నుంచి కొసకి దారం లాగి అడుగు మధ్య గీత దాని కిందే ఉందో లేదో కూడా చూడండి.

సరిపడ్డాక తీగల మధ్య మధ్య రెండేసి అంగుళాల ముద్ద పెట్టి గట్టిపడనివ్వండి, దాన్నే మేం టాకా అంటాం. తెల్లారి తీగలన్నీ తీసేసి, అప్పుడు మొత్తం మూల ముద్ద పట్టించండి. తీగ రాకపోతే సోల్డరింగ్ ఐరన్‌తో తీగ కొసని పది సెకన్లు వేడి చేస్తే చుట్టూ ఎపాక్సీ మెత్తబడి జారి వస్తుంది.

ఫైబర్ షెడ్డు

ముద్ద సంగతి. వడ్రంగి షాపులో సాండింగు మిషను కింద పడే పొడి తెచ్చుకోండి, రంపపు పొట్టు పనికిరాదు, అది గరుకు. ఎండలో ఆరబెట్టి టీ వడకట్టే జల్లెడతో జల్లించండి. ముందు రెసినూ హార్డెనరూ రెండు నిమిషాలు కలిపి, గిన్నె అంచులు గీకి మళ్లీ కలిపి, ఆ తర్వాతే పొడి వేయాలి. పొడి వేశాక హార్డెనరు కలవదు. గారెల పిండిలా రావాలి. స్పూనుతో తీసి తలకిందులు చేస్తే జారకూడదు. కొంచెం ఏరోసిల్ (మెత్తటి సిలికా పొడి) వేస్తే నిట్టనిలువు కొసల్లో కూడా జారదు.

పాత ప్లాస్టిక్ కార్డు మూలని 20 మి.మీ. అర్ధవ్యాసంతో గుండ్రంగా కోసి, ముద్ద మీద ఒక్కసారి లాగండి. పక్కలకి పొర్లిన దాన్ని వెంటనే గీకేయండి, గట్టిపడితే గంట సాండింగు. ముద్ద ఇంకా మెత్తగా, వేలితో నొక్కితే గుర్తు పడి జిగురు అంటని దశలో ఉండగానే దాని మీద 75 మి.మీ. గాజు పట్టీ పరిచి రెసిన్ తడపండి. అలా చేస్తే ముద్దా పట్టీ ఒకే వస్తువవుతాయి.

కొత్తతెడ్డు

ఇక్కడ పగలు 38 డిగ్రీలు. కొంచెం రెసిన్ ముక్క మీద వేసి చూస్తే రెండు ఇబ్బందులు వచ్చాయి. 300 గ్రాములు కలిపితే పది నిమిషాలకే గిన్నె పొగలు కక్కి గడ్డకట్టింది. ఉదయం పది గంటలకి వేసిన పూత నిండా సూదిమొన బుడగలు. పాళ్లు తూకం వేసే కలిపాను.

ఫైబర్ షెడ్డు

పాళ్లు తప్పు కాదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. గిన్నెలో లోతుగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా త్వరపెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. మీ వాతావరణానికి ఒక విడతకి 100-120 గ్రాములు మించొద్దు. కలిపిన వెంటనే టిఫిన్ పళ్లెంలాంటి వెడల్పు పాత్రలో పల్చగా పోసేయండి. అదే రెసిన్ పళ్లెంలో అయితే గిన్నెలోకన్నా బాగా ఎక్కువసేపు పని చేయనిస్తుంది. రెసిన్ డబ్బాని ముందు రాత్రే ఇంట్లో చల్లటి గచ్చు మీద ఉంచండి.

బుడగల సంగతి వేరు. ఉదయం నుంచి చెక్క వేడెక్కుతూ ఉంటుంది, దాని సందుల్లో గాలి వ్యాకోచించి పూతలోంచి బయటికి తన్నుకొస్తుంది. సాయంత్రం నాలుగున్నర, అయిదింటికి వేయండి. చెక్క చల్లబడుతూ ఉంటే లోపలి గాలి ముడుచుకుని రెసిన్‌ని తనే లోపలికి లాక్కుంటుంది. మొదటి పూత ఎప్పుడూ వేడి దిగేటప్పుడే. షెడ్డుకి రేకుల కప్పయితే ఈ తేడా ఇంకా ఎక్కువ.

లంకగాలి

సాయంత్రం వేస్తే ఒక జాగ్రత్త, ముఖ్యంగా కోస్తా వాళ్లకి. రాత్రి తేమకి ఈ అమీన్ హార్డెనర్ల మీద సబ్బు రాసినట్టు జిడ్డు పొర తేలుతుంది. తెల్లారి వేలితో రాస్తే జారుతూ, కొంచెం తెల్లగా కనిపిస్తుంది. దాని మీద రెండో పూత వేస్తే అంటదు, చేప కళ్లలా గుంటలు పడుతుంది. నేరుగా సాండింగు చేస్తే ఆ జిడ్డుని లోపలికే రుద్దినట్టు. ముందు మంచి నీళ్లతో గిన్నెలు తోమే పచ్చ పీచు పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక అప్పుడు 80 నంబరు కాగితం పట్టండి. నీళ్లు చాలు, థిన్నరుకి అది పోదు.

అన్ని పూతలూ ఒకే రాత్రి, ఒకదాని మీద ఒకటి జిగటగా ఉండగానే వేసుకుంటే మధ్యలో కడిగే పని ఉండదు.

బయూ తెడ్డు

హ్యూస్టన్ నుంచి రాస్తున్నా. ఇక్కడ దొరికే పడవల ఎపాక్సీలు కొన్ని ఘనపరిమాణంలో 2కి 1, కొన్ని 5కి 1. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ కలిపేవాళ్లు పాళ్లు కూడా అవే వేసేస్తున్నారు. డబ్బా మీద ఉన్నదే చూడండి. అలాగే ఇక్కడి 4 ఎంఎం ఓకుమే (ఆఫ్రికా చెక్క) ప్లై బరువులు మీ గర్జన్‌కి వర్తించవు, ఓకుమే చాలా తేలిక.

మానేరు గట్టు

అంచు పట్టీల గురించి ఎవరూ చెప్పలే. టేకు 20×12 ఎంఎం పట్టీలు లోపల ఒకటి, బయట ఒకటి. దోనె గట్టిదనంల సగం ఈ పట్టీలదే. 4.8 మీటర్ల టేకు ఒక్క ముక్కల దొరకది, రెండు ముక్కలు 1కి 8 ఏటవాలుతో అతికి, ఆ అతుకు పలక అతుకుకి దూరంగ పడేటట్టు చూడుండ్రి. ప్రతి 10 సెం.మీ.కి ఒక క్లాంపు కావాలె. అన్ని క్లాంపులు లేకుంటే పీవీసీ పైపు 5 సెం.మీ. ముక్కలు కోసి, పక్కన చీల్చితే మంచి పట్టుకారులైతయి.

అడ్డచట్రం తీసేముందే నడుము కాడ అడ్డపట్టీ బిగించాలె. చట్రం ముందే తీస్తే పక్కలు లోపలికి ముడుచుకుంటయి, అడుగు వంపు కూడా మారుతది. కూర్చునే బల్లలు అడుగుకి 15 సెం.మీ. మించి ఎత్తు వద్దు. ఎత్తు పెరిగినకొద్ది దోనె దొర్లుతది.

పాతరేవు

ఎంత బరువు మోస్తుందో లెక్క చెప్పండి, ముగ్గురు ఎక్కుతారేమోనని భయం.

లంకగాలి

అడుగు వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. నడుము దగ్గర 10 సెం.మీ. మునిగితే, కొసలు 5 సెం.మీ. లేచి ఉన్నది తీసేసి, పక్కల వాలు కలుపుకుంటే, 170 కిలోల నీటిని తొలగిస్తుంది. అంటే 30 కిలోల దోనె, 70 కిలోల మనుషులు ఇద్దరు. నీటి మట్టం నుంచి అంచు దాకా 17 సెం.మీ. మిగులుతుంది. మూడో మనిషి ఎక్కితే ఇంకో 3-4 సెం.మీ. దిగి 13-14 అవుతుంది. ఒకరు పక్కకి వంగితే నీళ్లు లోపలికి వస్తాయి. ఇద్దరే, అదీ లైఫ్ జాకెట్లతోనే.

నిండా నీళ్లు పడ్డా పట్టుకుని తేలడానికి రెండు కొసల్లో 75 సెం.మీ. మేర అడ్డుగోడ కట్టి పైన మూత వేసి గాలి అరలు చేయండి, ఒక్కోటి సుమారు 50 లీటర్లు. పూర్తిగా బిగించి వదిలేయకండి. ఎండలో లోపలి గాలి ఉబ్బి అతుకులు చిట్లుతాయి, లోపలికి దిగిన తేమ బయటికి పోదు. ప్రతి అరకీ మరమూత ఒకటి పెట్టి, ఒడ్డున ఉన్నంతసేపూ తీసి ఉంచండి.

ఒక్కరే నడిపేటప్పుడు నడుముకి కాస్త వెనక కూర్చోవాలి. వెనక కొసన కూర్చుంటే ముక్కు లేచి గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. తిన్నగా పోవాలంటే అడుగున వెనక భాగంలో 1 మీటరు పొడవు, 5 సెం.మీ. ఎత్తు రెక్క ఒకటి అతికించండి.

కొత్తతెడ్డు

రంగు ముదురు ఆకుపచ్చ అనుకుంటున్నా, మామూలు ఎనామిల్ పెయింటు.

ఫైబర్ షెడ్డు

ముదురు రంగు వద్దు. గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే ఎపాక్సీలు 50-60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడతాయి. ఏప్రిల్ ఎండలో ముదురు రంగు చెక్క చేయి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు లోపలి గుడ్డ నేత పైకి అచ్చు పడుతుంది, వంపు దగ్గర అతుకులు పాకుతాయి. తెలుపు, లేత పసుపు, లేత నీలం వేసుకోండి.

రంగు మాత్రం తప్పనిసరి, వార్నిషు కన్నా మేలు. ఎపాక్సీ ఎండకి పసుపెక్కి, పొడిగా రాలుతుంది. అమీన్ ఎపాక్సీ మీద ఎనామిల్ నేరుగా వేస్తే కొన్నిసార్లు రోజుల తరబడి ఆరదు. కడిగి, 120 నంబరు కాగితం పట్టి, ఎపాక్సీ ప్రైమరు వేసి, పైన రెండు డబ్బాలవి కలిపి వాడే పీయూ (పాలీయూరిథేన్) పెయింటు వేయండి.

బాడిస

రంగుకి ముందు ఒక పరీక్ష. దోనెని రెండు బల్లల మీద పెట్టి లోపల మూడు బిందెల నీళ్లు పోసి, కింద పాత వార్తాపత్రికలు పరచండి. ఒక కొస పైకెత్తి గంట, ఇంకో కొస ఎత్తి గంట. కాగితం మీద తడి చుక్క ఎక్కడ పడిందో దాని పైన సున్నపు ముక్కతో గుర్తు పెట్టండి. సాధారణంగా కారేది మూడు చోట్ల: కొసల అడుగున మూడు పలకలు కలిసే మూల, తీగ రంధ్రాలు, గాలి అర అడ్డుగోడ కింద. రంధ్రానికి బయట మాత్రమే మూస్తే చాలదు, 4 ఎంఎం డ్రిల్లుతో శుభ్రం చేసి, ముందు పల్చటి రెసిన్ దింపి, తర్వాత ముద్ద కుక్కండి. రెండు రోజులు ఆరనిచ్చాకే రంగు.

కొత్తతెడ్డు

అడ్డుగోడ కింద ఒక చుక్క, ముందు కొస మూలలో రెండు చుక్కలు పడ్డాయి. గుర్తు పెట్టాను. సాయంత్రం అయిదింటికి రెసిన్ దింపుతున్నా.

బాడిస

నీళ్లు పూర్తిగా వంచేసి, ఆ మూలలు గుడ్డతో కాదు, హెయిర్ డ్రయరుతో ఆరబెట్టండి. తడి చెక్కలోకి రెసిన్ దిగదు. ఈరోజు కాకపోతే రేపు సాయంత్రం దింపుకోండి.